ఆక్సిజన్ సెన్సర్: సైలెన్సర్ పైపులో ఎక్కడ బిగించాలి? చోటు తప్పితే మైలేజీ గోవిందా.. కన్వర్టర్‌కూ ముప్పే!

కారు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. పికప్ కూడా పెద్దగా తగ్గలేదు. కానీ డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైట్ మాత్రం ఆరడం లేదు. పెట్రోల్ ముల్లు ఎప్పటికంటే తొందరగా కిందికి దిగుతోంది. షెడ్డుకు తీసుకెళ్తే 'ఆక్సిజన్ సెన్సర్ పోయింది సార్.. మార్చాలి' అంటారు. కొత్తది వేస్తారు. వారం తిరక్కుండానే లైట్ మళ్లీ ప్రత్యక్షం!

ఇలాంటి కేసుల్లో చాలాసార్లు సెన్సర్ తప్పేమీ ఉండదు. అది కూర్చున్న చోటు, దానికి ముందున్న పైపే అసలు దోషులు. సైలెన్సర్ పైపు కోసి వెల్డింగ్ చేయించిన కార్లలో, బయట మార్కెట్లో దొరికే హెడర్లు వేయించిన కార్లలో ఈ గొడవ మరీ ఎక్కువ. కంపెనీ ఎక్కడ పెట్టిందో అక్కడే పెట్టకుండా 'ఇక్కడ చేయి పడుతోంది కదా' అని ఒక రంధ్రం వేసి బిగించేస్తే ఏమవుతుంది? ఎక్కడ పెట్టాలి? ఎంత దూరంలో? ఏ వాలులో? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంతకీ అది చేసే పనేంటి?

పెట్రోల్ పూర్తిగా మండాలంటే లెక్క ప్రకారం గాలి కావాలి. బరువులో చూస్తే ఒక వంతు పెట్రోల్‌కు 14.7 వంతుల గాలి. ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు ఈ అంకె ఇంకాస్త తగ్గుతుంది. ఎందుకంటే ఒక్క ఇథనాల్‌నే తీసుకుంటే దానికి సుమారు 9 వంతుల గాలి సరిపోతుంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్, అంటే ఈసీయూ, ఈ లెక్కను ఊహించి ఇంజెక్టర్లను తెరుస్తుంది. ఊహ సరిగ్గా ఉందో లేదో చెప్పాల్సింది మాత్రం పొగ గొట్టంలో కూర్చున్న ఆక్సిజన్ సెన్సరే.

దీని లోపల జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసిన చిన్న ముక్క ఉంటుంది. దానికి ఒకవైపు పొగ, మరోవైపు బయటి గాలి. రెండింట్లో ఉన్న ఆక్సిజన్ తేడాను బట్టి అది చిన్న కరెంటు పుట్టిస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే, అంటే పెట్రోల్ తక్కువ పడితే, 0.1 వోల్టు దగ్గర్లో ఉంటుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టు దాకా లేస్తుంది. రెండింటికీ మధ్య 0.45 వోల్టు దగ్గర ఉన్న గీతను పట్టుకుని ఈసీయూ పెట్రోల్‌ను పెంచుతూ, తగ్గిస్తూ ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి.. ఈ పింగాణీ ముక్క చల్లగా ఉంటే పని చేయదు. కనీసం 300 డిగ్రీల సెల్సియస్ దాటాల్సిందే.

1976లో స్వీడన్ కంపెనీ వోల్వో తన 240 సిరీస్ కార్లలో, అదీ అమెరికా మార్కెట్ కోసం, బాష్ తయారు చేసిన ఈ సెన్సర్‌ను మొదటిసారి వాడింది. అప్పట్లో దానికి హీటర్ లేదు. పొగ వేడితోనే కాగాలి కాబట్టి ఇంజిన్‌కు బాగా దగ్గరగా పెట్టక తప్పేది కాదు. 1982లో లోపలే హీటర్ ఉన్న రకం వచ్చాక ఆ ఇబ్బంది కొంత తీరింది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు కేటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2000 నాటికి సీసం కలిపిన పెట్రోల్ దేశమంతా ఆగిపోయింది. ఇది కాలుష్యం కథ మాత్రమే కాదు, సెన్సర్ కథ కూడా. సీసం తగిలితే కన్వర్టరూ, ఆక్సిజన్ సెన్సరూ రెండూ చచ్చిపోతాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక కార్లే కాదు, బైకులు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వాటితోపాటే సైలెన్సర్ బెండులోకి ఈ సెన్సర్ కూడా వచ్చేసింది.

ఎంత దూరంలో పెట్టాలి?

మొదటి నియమం చాలా సింపుల్. మెయిన్ సెన్సర్ ఎప్పుడైనా కేటలిటిక్ కన్వర్టర్‌కు ముందే ఉండాలి. కన్వర్టర్ దాటాక పొగ రసాయనమే మారిపోతుంది. అక్కడ కొలిస్తే ఇంజిన్ సంగతి తెలియదు, కన్వర్టర్ సంగతి తెలుస్తుంది.

రెండోది, అన్ని సిలిండర్ల పొగ కలిసిన చోట ఉండాలి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో నాలుగు గొట్టాలు ఒకటయ్యే చోటును కలెక్టర్ అంటారు. దానికి ముందు ఒక్క గొట్టంలో సెన్సర్ పెడితే అది ఆ ఒక్క సిలిండర్ జాతకమే చెబుతుంది. ఆ సిలిండర్ ఇంజెక్టర్‌లో చెత్త పడిందనుకోండి.. ఈసీయూ మిగతా మూడింటికీ అనవసరంగా పెట్రోల్ పెంచేస్తుంది. కలెక్టర్ నోటి దగ్గరే కాకుండా, కాస్త కిందికి, పొగ కలగలిసి సాఫీగా సాగే తిన్నటి భాగంలో పెట్టడం మేలు.

మరి ఎంత కిందికి? ఇక్కడే అసలు మెలిక ఉంది. దగ్గరగా పెడితే సెన్సర్ త్వరగా వేడెక్కుతుంది, కబురు త్వరగా అందుతుంది. కానీ మరీ దగ్గరైతే కాలిపోతుంది. దూరంగా పెడితే ప్రాణానికి హాయి, కానీ చల్లగా ఉండిపోయి పని మొదలుపెట్టడానికి ఆలస్యం. పొగ అక్కడిదాకా చేరేసరికి ఈసీయూ పాత వార్త చదువుతున్నట్టు అవుతుంది. పెంచాల్సిన చోట తగ్గిస్తూ, తగ్గించాల్సిన చోట పెంచుతూ ఇంజిన్ ఊగిసలాడుతుంది.

కంపెనీ కార్లలో సెన్సర్ మ్యానిఫోల్డ్‌కు ఆనుకునే కనిపిస్తుంది. దాన్ని చూసి బయట కూడా అంతే దగ్గరగా పెట్టేద్దాం అనుకుంటే పొరపాటే. కంపెనీ వాళ్లు ఆ ఇంజిన్‌కు, ఆ సెన్సర్‌కు నెలల తరబడి వేడి కొలిచి చోటు ఖాయం చేస్తారు. ఆ అవకాశం వెల్డింగ్ షాపులో ఉండదు. అందుకే ట్యూనింగ్ కోసం అదనంగా వైడ్‌బ్యాండ్ సెన్సర్, మీటర్ పెట్టుకునేవాళ్లకు ఆ కిట్ల తయారీదారులు ఇంజిన్ నుంచి కనీసం ఒకటిన్నర, రెండు అడుగుల దూరం చెబుతుంటారు. అంకె కిట్‌ను బట్టి మారుతుంది, కాబట్టి పెట్టెలో వచ్చిన కాగితం చదవకుండా డ్రిల్లు పట్టకూడదు. బాష్ వైడ్‌బ్యాండ్ రకంలో బాగా వాడే ఎల్‌ఎస్‌యూ 4.9 సంగతే తీసుకుంటే, పొగ వేడి 930 డిగ్రీలు, స్పానర్ పట్టే ఆరు పలకల భాగం 600 డిగ్రీలు దాటకూడదు.

టర్బో కార్లలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. టర్బోకు ముందు పెట్టనే పెట్టకూడదు. అక్కడ వేడే కాదు, ఒత్తిడి కూడా ఎక్కువ. వైడ్‌బ్యాండ్ సెన్సర్ రీడింగ్ ఒత్తిడితో మారిపోతుంది. టర్బో దాటాక, పొగ సుడులు సర్దుకున్న తర్వాతే దాని స్థానం.

అలాగని తోక చివర పెడితే? అదీ కుదరదు. ఇంజిన్ పొగను ఏకధారగా వదలదు, దమ్ము దమ్ముగా వదులుతుంది. ఒక్కో దమ్ము తర్వాత వెనక్కి పీల్చినట్టు అవుతుంది. ఐడిల్‌లో పైపు చివరి నుంచి బయటి గాలి కొంత లోపలికి వస్తుంది. సెన్సర్ ఆ గాలిని చూసి 'ఆక్సిజన్ మిగిలిపోతోంది' అని తప్పుడు కబురు పంపుతుంది. సైలెన్సర్ తీసేసి పొట్టి గొట్టాలు తగిలించిన బైకుల్లో ఐడిల్ కుదురుగా ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం. చెవులు చిల్లులు పడటం సరే, పెట్రోల్ కూడా అదనంగా తాగుతుంది!

నీళ్లే అసలు శత్రువు.. వాలు ఎందుకు ముఖ్యమంటే

పొద్దున్నే కారు స్టార్ట్ చేస్తే సైలెన్సర్ నుంచి నీటి చుక్కలు కారడం అందరూ చూసే ఉంటారు. అవి ఎక్కడి నుంచి వచ్చాయి? పెట్రోల్ నుంచే. పెట్రోల్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోల్ మండితే దాదాపు ఒక లీటరు నీరు తయారవుతుంది. నమ్మడం కష్టం కానీ నిజం. ఇంజిన్ వేడిగా ఉన్నంతసేపు అది ఆవిరిగా వెళ్లిపోతుంది. చల్లటి పైపు తగిలితే మాత్రం చుక్కలుగా మారి పైపు అడుగున చేరుతుంది.

ఇప్పుడు ఆ పైపు అడుగునే సెన్సర్ ఉందనుకోండి. హీటర్ దాన్ని వందల డిగ్రీలకు కాచింది. దాని మీద ఒక చల్లటి చుక్క పడింది. కాగిన గాజు గ్లాసు మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో, లోపలి పింగాణీ ముక్కకూ అదే అవుతుంది. సన్నటి పగులు వస్తుంది. బయటికి ఏమీ కనిపించదు. సెన్సర్ కొత్తదే, వైర్లు బాగానే ఉన్నాయి, కానీ రీడింగ్ చచ్చిపోయింది. షాపువాడు మాల్ నకిలీదేమో అంటాడు, మెకానిక్ కారుదే లోపం అంటాడు. ఇద్దరూ తప్పే.

అందుకే సెన్సర్ ఎప్పుడూ పైపు పైభాగంలోనే ఉండాలి. పైపును అడ్డంగా కోసి, ఆ గుండ్రటి ముఖాన్ని గడియారం అనుకుంటే.. 10 గంటల నుంచి 2 గంటల మధ్య ఎక్కడైనా సరే. వైరు వచ్చే వైపు పైకి, మూతి కిందికి. సరిగ్గా పక్కకు, అంటే 3 గంటల దగ్గరో 9 గంటల దగ్గరో పడుకోబెట్టినట్టు పెడితే మూతి చుట్టూ ఉన్న సందులో తేమ నిలిచిపోతుంది. ఇంకే దారీ లేకపోతే అడ్డంగా ఉన్న గీత కంటే కనీసం 10 డిగ్రీలైనా పైకి లేపాలని బాష్ చెబుతోంది. 6 గంటల దగ్గర, అంటే కింద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. వానాకాలంలో రోడ్డు మీద నిలిచిన నీళ్లు, స్పీడ్ బ్రేకర్ల దెబ్బలు కూడా కిందున్న సెన్సర్‌కే ముందు తగులుతాయి.

పైపు పల్లంగా వంగిన చోట కూడా నీరు చేరుతుంది. కాబట్టి గుంట ఉన్న చోటు వదిలేసి, దాని కంటే ముందు, ఎత్తుగా ఉన్న భాగం చూసుకోవాలి. వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టుకున్నవాళ్లకు ఇంకో మాట.. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేసి పాటలు వినే అలవాటు ఉంటే మానుకోవాలి. హీటర్ సెన్సర్‌ను కాచి కూర్చోబెడుతుంది. తర్వాత సెల్ఫ్ కొట్టగానే పైపులో నిలిచిన నీళ్లన్నీ ఎగిరి దాని మీదే పడతాయి.

సన్నటి లీకు.. పెద్ద అబద్ధం

చోటు సరిగ్గా ఉన్నా సెన్సర్ అబద్ధం చెప్పే సందర్భం ఒకటుంది. సెన్సర్‌కు ముందు పైపులో లీకు. గ్యాస్కెట్ కాలిపోయినా, మ్యానిఫోల్డ్ పగిలినా, వెల్డింగ్‌లో సూది మొన అంత రంధ్రం మిగిలినా చాలు.

లీకు అంటే పొగ బయటికి పోవడమే కదా, సెన్సర్‌కేంటి బాధ అనిపించొచ్చు. కానీ పైన చెప్పిన దమ్ము లెక్క ఇక్కడా పని చేస్తుంది. దమ్ముకూ దమ్ముకూ మధ్య అదే రంధ్రం నుంచి బయటి గాలి లోపలికి దూరుతుంది. అందులో దాదాపు 21 శాతం ఆక్సిజనే. సెన్సర్‌కు ఎక్కువ ఆక్సిజన్ కనిపిస్తుంది. ఈసీయూ 'పెట్రోల్ చాలట్లేదు' అనుకుని పెంచుతుంది. నిజానికి పెట్రోల్ సరిపోయింది. ఇప్పుడు ఎక్కువైంది. మైలేజీ పడిపోతుంది. కాలని పెట్రోల్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. అలా రోజుల తరబడి సాగితే లోపలి తేనెపట్టు లాంటి గూడు కరిగి, గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం వాడతారు. కొత్తది కొనాలంటే బిల్లు చూసి కళ్లు తిరగడం ఖాయం. ఒక గ్యాస్కెట్‌తో పోయేది అక్కడిదాకా వెళ్తుంది.

ప్లగ్ కొట్టక మిస్‌ఫైర్ అయినా ఇదే తంతు. మండని గాలి అలాగే బయటికి వస్తుంది కాబట్టి సెన్సర్ దాన్ని కూడా 'పెట్రోల్ తక్కువ' అనే చదువుతుంది. దాని ముందున్న పెట్రోల్ తడిని అది చూడలేదు. అది చూసేది ఆక్సిజన్ ఒక్కదాన్నే.

ఈ లీకును పట్టుకోవడం మరీ కష్టం కాదు. కొన్ని వందల రూపాయలకే దొరికే బ్లూటూత్ స్కానర్‌ను స్టీరింగ్ కింద ఉన్న ఓబీడీ సాకెట్‌లో పెట్టి, ఫోన్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె చూడాలి. ఐడిల్‌లో అది బాగా ప్లస్‌లో ఉండి, ఇంజిన్‌ను 2,500 ఆర్‌పీఎంకు లేపగానే మామూలుకు వస్తే ఎక్కడో గాలి దూరుతున్నట్టే. అయితే ఇన్‌టేక్ వైపు వ్యాక్యూమ్ పైపు లీకైనా అంకెలు ఇలాగే ఉంటాయి. కాబట్టి రెండు వైపులా చూడాలి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర గుడ్డతో కాసేపు అదిమి పట్టుకుని, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే బుడగలే చెబుతాయి. జాయింట్ దగ్గర నల్లటి మసి గీత కనిపించినా అనుమానించాల్సిందే. ఈ పనంతా ఆరుబయటే చేయాలి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేసి ఉంచితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

రెండో సెన్సర్ సంగతి.. ఆ 'జుగాడ్' వద్దు

కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సర్‌కు పెట్రోల్ కొలిచే పని పెద్దగా లేదు. అది కన్వర్టర్ మీద కాపలా. ముందున్న మామూలు సెన్సర్ వోల్టేజీ కిందికీ పైకీ గబగబా ఊగుతుంటే, కన్వర్టర్ బాగున్నంతకాలం వెనుకది దాదాపు నిలకడగా ఉంటుంది. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగడం మొదలెడితే కన్వర్టర్ పని అయిపోయిందని ఈసీయూ పీ0420 కోడ్ ఇస్తుంది.

ఇక్కడే కొందరు ఓ చిట్కా అమ్ముతుంటారు. కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం వేస్తారు. రెండో సెన్సర్ కింద ఓ పొడవాటి స్పేసర్ పెట్టి దాన్ని పొగకు దూరంగా జరుపుతారు. పొగ సరిగ్గా తగలక వోల్టేజీ నిలకడగా కనిపిస్తుంది, లైట్ వెలగదు. ఇది రిపేర్ కాదు, థర్మామీటర్‌ను చల్లటి నీళ్లలో పెట్టి జ్వరం తగ్గిందనడం లాంటిది. పైగా పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో పైపులో గొట్టం పెట్టి చూస్తే దొరికిపోయే వ్యవహారం. కాలుష్య నిబంధనలు ఉల్లంఘిస్తే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద మొదటిసారికే రూ.10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడే వీలుంది.

వీ6 ఇంజిన్ ఉన్నవాళ్లకు ఇంకో తలనొప్పి. అందులో రెండు వైపులా సిలిండర్లు ఉంటాయి కాబట్టి సెన్సర్లు కూడా రెండు జతలు. ఒకటో నంబర్ సిలిండర్ ఉన్న వైపు బ్యాంక్ 1, రెండోది బ్యాంక్ 2. కన్వర్టర్ ముందుది సెన్సర్ 1, వెనుకది సెన్సర్ 2. మన రోడ్ల మీద ఇలాంటివి తక్కువే. అమెరికాలో టయోటా, హోండా మినీవ్యాన్లు నడిపే తెలుగువాళ్లకు మాత్రం ఇది బాగా పనికొచ్చే సంగతి. అడ్డంగా కూర్చున్న ఆ వీ6 ఇంజిన్లలో బ్యాంక్ 1 సాధారణంగా లోపలి వైపు, క్యాబిన్ గోడకు ఆనుకుని ఉంటుంది. చేతికి సులువుగా అందే ముందు వైపు సెన్సర్ మార్చేసి 'లైట్ పోలేదే' అని తల పట్టుకునేవాళ్లు ఎక్కువ. ఇంజిన్ పని చేసినప్పుడు రెండు వైపుల ముందు సెన్సర్ల కనెక్టర్లు అటుదిటు మారినా ఒక బ్యాంక్ పెట్రోల్ పెరుగుతూ, ఇంకోటి తగ్గుతూ పోయి ఇంజిన్ దడదడలాడుతుంది.

వెల్డింగ్ షాపులో ఏం చెప్పాలి?

సెన్సర్ మరలు చాలా కార్లలో 18 ఎం.ఎం సైజువే. దానికి సరిపోయే మరలున్న బుష్ కావాలి, వెల్డర్లు దీన్నే బంగ్ అంటారు. ఇనుముది కాకుండా స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అడగాలి. ఇనుముది తుప్పు పట్టి తర్వాత సెన్సర్ ఊడి రాదు. బుష్ ఎత్తు కూడా చూసుకోవాలి. మరీ పొడుగుదైతే సెన్సర్ మూతి అందులోనే దాక్కుని పొగ తగలదు. మూతికున్న రంధ్రాలు పైపు లోపలికి రావాలి.

వెల్డింగ్ చేసేటప్పుడు మరలు వంకర పోకుండా ఒక పాత, చచ్చిపోయిన సెన్సర్‌నో బోల్టునో బుష్‌లో బిగించి ఉంచాలి. మంచి సెన్సర్ మాత్రం ఆ దరిదాపుల్లో ఉండకూడదు. పైపు కారు మీదే ఉంటే బ్యాటరీ వైరు తీసేయడం మరవొద్దు. లేదంటే వెల్డింగ్ కరెంటు ఈసీయూను కొట్టేయవచ్చు. వెల్డింగ్ బుష్ చుట్టూ పూర్తిగా ఉండాలి. నాలుగు చుక్కలు పెట్టి వదిలేస్తే పైన చెప్పిన గాలి కథ మళ్లీ మొదలు.

జాయింట్లకు పూసే మామూలు సిలికాన్ పేస్టు కూడా ఈ సెన్సర్‌కు విషమే. దాని ఆవిరి మూతి మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది. డబ్బా మీద 'సెన్సర్ సేఫ్' అని ఉన్నదే వాడాలి. కొత్త సెన్సర్ మరలకు కంపెనీయే నల్లటి గ్రీజు లాంటిది పూసి పంపుతుంది, దాని మీద ఇంకేమీ అక్కర్లేదు. పూయాల్సి వచ్చినా మరలకే, మూతికి అంటకూడదు. బిగింపు సుమారు 40 నుంచి 60 న్యూటన్ మీటర్లు. 22 ఎం.ఎం స్పానర్ పడుతుంది. వైరు తెగితే టంకం వేయకుండా కొత్త కనెక్టర్ క్రింప్ చేయించాలి. చాలా సెన్సర్లు పోలికకు కావాల్సిన బయటి గాలిని వైరు తొడుగు లోపలి నుంచే పీల్చుకుంటాయి. టంకం, గ్రీజు, స్ప్రే ఆయిల్ పడితే ఆ ఊపిరి ఆగిపోతుంది.

పాతది ఊడి రాకపోతే బలం చూపించకుండా ఇంజిన్‌ను కాసేపు నడిపి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు తిప్పి చూడాలి. నెర్రె ఉన్న ప్రత్యేక సాకెట్ వాడితే వైరు కోయాల్సిన పని ఉండదు. ఊడి వచ్చాక దాని మూతిని పారేయకుండా ఒకసారి చూడటం మంచిది. నల్లటి మసి అయితే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. జిగటగా, తడిగా ఉంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. తెల్లటి పొర ఉంటే సిలికాన్ పేస్టో, లేదా హెడ్ గ్యాస్కెట్ నుంచి కూలెంటో లోపలికి వస్తోంది. ఇవి సరిచేయకుండా కొత్త సెన్సర్ వేస్తే దానికీ అదే గతి పడుతుంది.